రెండో అంతస్తు

ఫోన్ నంబరు వేద్దామండీ అన్నాడు సబ్ ఎడిటర్,
కాలమ్ కింద, చిన్న అక్షరాల్లో.
కూడదన్నాను.
నల్లకోటు వేసుకున్నవాడు దండోరా వేసుకోకూడదు,
మాకు రూలుంది అన్నాను.
ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు
నాకే బాగా నచ్చింది.

మా సీనియర్ ఉపమాక రామలింగస్వామి గారి బోర్డు
మహారాణిపేటలో, జానెడు ఇత్తడి.
ఉప్పుగాలికి ఊరికే పచ్చబడేది,
గుమాస్తా సన్యాసయ్య చింతపండేసి తోమేవాడు.
"వెతుక్కుంటూ వచ్చేవాడికి కనబడితే చాలురా,
దారినపోయేవాడి చెయ్యి పట్టుకు లాగకూడదు" అనేవారాయన.
పాత తీర్పుల పుస్తకాల మార్జిన్లలో తప్ప
ఎక్కడా ఏమీ రాయకుండానే పోయారు.

నేను రాశాను.
ఆదివారం ఆదివారం, ఆరువందల మాటలు.
చెక్కు చెల్లకపోతే ఎన్నాళ్లలో నోటీసివ్వాలి,
ఇంటివాడు సామాను బయట పడేస్తే ఎవరి దగ్గరికెళ్లాలి,
మొదట్లో అంతే.
రాన్రానూ సెక్షన్లు సన్నబడ్డాయి,
నేను లావెక్కాను.

పెదజాలరిపేట ఎర్రమ్మ కేసు గెలిచిన వారం
చెయ్యి ఆగలేదు.
తుపానుకి విరిగిన పడవ,
విరిగింది నీళ్లలో కాదు ఒడ్డున కదా అని
బీమా కంపెనీ ఎగ్గొట్టిన సొమ్ము,
ఆరేళ్ల వాయిదాలు.
పేరు మార్చాను, గంగమ్మ అని పెట్టాను.
నంబరు వెయ్యలేదు, రూలు రూలే.
కాకపోతే కథ కదా, కాస్త వాతావరణం ఉండాలని
"డాబాగార్డెన్స్‌లో మందుల షాపు పక్క సందు,
ఇరవై రెండు మెట్లు,
మోకాళ్లు పట్టుకుని ఆ తల్లి
రెండో అంతస్తులో నా గదికి ఎక్కి వచ్చింది" అని రాశాను.
వర్ణన అనుకున్నాను.
బోనెక్కించి ప్రమాణం చెయ్యమంటే మాత్రం
అలాగే అనుకున్నానని చెప్పలేను.

సోమవారం ఇరవై రెండు మెట్లూ ఎక్కి
ముగ్గురొచ్చారు.
ఒకాయన చేతిలో కత్తిరించిన కాగితం,
నా ఫొటోకి సరిగ్గా నుదుటి మీద మడత.

బుధవారం ఎర్రమ్మ వచ్చింది.
మిగిలిన ఫీజు తెచ్చిందనుకున్నాను.
ఎండు నెత్తళ్ల పొట్లం బల్ల మీద పెట్టి విప్పింది,
చేపల్ని ఓ పక్కకి తోసి
ఉప్పు దిగిన కాగితం నా వైపు తిప్పింది.
"మనవరాలు సదివింది బాబూ.
పేరు మార్సీసినావు గానీ పడవ రంగు మార్సలేదేటి?
మా పేటలో పసుప్పచ్చ పడవ ఒక్కటే.
ఎంత డబ్బొచ్చిందో కూడా ఏసీసినావు.
మొన్న నా మరిది వొచ్చినాడు అప్పుకి,
నిన్న ఆడి బామ్మర్ది."
కోపంగా లేదు. అదే ఇబ్బంది.
"పోన్లే, నీ యాపారం నీది" అని లేచింది,
మెట్ల వైపు, మోకాళ్లు పట్టుకుని.

వ్యాపారం.
ఏ మాట అంటుకోకూడదని
మా సీనియర్ గారు జానెడు ఇత్తడితో సరిపెట్టుకున్నారో
ఆ మాట,
నెత్తళ్ల వాసనతో సహా నా బల్ల మీద.

ఆ ముగ్గురిలో ఇద్దర్ని వేరే వాళ్ల దగ్గరికి పంపించాను.
మూడో ఆయన వకాల్తా తీసుకున్నాను.
కూతురి కాలేజీ ఫీజుకి శుక్రవారం ఆఖరి రోజు.

మళ్లీ కాలమ్ రాయడానికి కూర్చున్నాను.
డాల్ఫిన్స్ నోస్ మీద దీపం తిరుగుతోంది.
రాయి ఉందని చెబుతుంది గానీ రమ్మని పిలవదు, చూశారా,
అని ఓ వాక్యం రాసి
కొట్టేశాను. మరీ బాగా కుదిరింది.
'నేను' ఉన్న చోటల్లా తీసేసుకుంటూ పోతే
బీమా ఫిర్యాదుకి రెండేళ్ల గడువు,
డబ్బుల్లేనివాళ్లకి కోర్టు ఆవరణలోనే
ఉచితంగా వకీలు దొరుకుతాడన్న కబురు,
అంతే మిగిలాయి. నూట పది మాటలు.

రాత్రి తొమ్మిదికి సబ్ ఎడిటర్ ఫోను:
"చోటు చాలా ఖాళీగా ఉండిపోయిందండీ.
పోనీ మీ ఫొటో పెద్దది చేసి వేసేమంటారా?"